సువర్ణరేఖ గట్టున సవాలు పాటగాడు

సవాలు పాటల సింహాచలం గారు గురువారం ఉదయం భుయ్యాడీహ్‌లోని తమ ఇంట్లో గుండె ఆగి పరమపదించారు. ఇలాంటి వార్త వినగానే నెత్తిన పిడుగు పడినట్టయిందని రాయడం మనవాళ్ళ రివాజు. నేను అబద్ధం రాయను. నాకు ముందు కలిగింది అనుమానం.

ఎందుకంటే ఆ వార్త గోల్‌మురిలోని మా ఇంటికి మోసుకొచ్చినవాడు ఫిట్టర్ గణపతి. సింహాచలం కంట్రాక్టరు మనిషని, కూలీల గుట్టు పైకి చేరవేసే చెవి అని ఊరంతా చాటినవాడు అతడే. ఏడెనిమిదేళ్ళుగా ఆయన పేరు ఎత్తితే పక్కకి తిరిగి ఉమ్మేసే మనిషి, పొద్దున్నే స్కూటరు దిగి ఎర్రటి కళ్ళతో నా గుమ్మం ముందు నిలబడితే నాకేమనిపించాలి?

“సింహాచలం పోనాడు బావు,” అన్నాడు.

“ఎవులు సెప్పినారు?”

“మా ఆవిడ సెప్పినాది.”

“మీ ఆవిడకెవులు సెప్పినారు?”

“ఏటి బావు, మడిసి సచ్చిపోనాడంటే రసీదు అడుగుతావేటి? మా ఆవిడ ఏడుసుకుంటూ అక్కడికి ఎల్లిపోనాది. నీకు కబురెట్టమన్నాది. ఎట్టినాను.”

గణపతి భార్య సింహాచలం గారి కోసం ఏడవడమేమిటి? అదొక అనుమానం. నేను చొక్కా తొడుక్కునేలోగా నా అర్ధాంగి పార్వతి, నేనేమీ చెప్పకముందే, చీర మార్చుకుని తయారుగా నిలబడింది. అది రెండో అనుమానం. భుయ్యాడీహ్ చేరేసరికి ఆయన కూతురు వాకిట్లో ఉంది. “ఏటయిందమ్మా నాన్నకి?” అని నేను తెలుగులో అడిగితే, “పాపా నహీ రహే, చాచా,” అని హిందీలో అంది, నాన్న ఇక లేరని. ఆ పిల్ల నోట విన్నాక గాని నా మనసు ఒప్పుకోలేదు. అక్కడే చప్టా మీద కూలబడ్డాను.

మన తెలుగు సంఘం పత్రిక ఈ సంచిక చదివే పెద్దల్లో చాలామందికి ఆయన ఎవరో తెలియకపోవచ్చు. తెలిసినవారు తెలియనట్టు నటించవచ్చు. మన సంఘం వేదిక మీద ఆయన ఎన్నడూ పాడలేదు. హరికథలకూ భజనలకూ ఉన్న గౌరవం ఆయన విద్యకు లేదు. అది తిట్ల విద్య. ఆ మాట రాయడానికి నేను సిగ్గుపడను.

సింహాచలం గారు శ్రీకాకుళం వైపు నుంచి యవ్వనంలో ఈ ఉక్కు కర్మాగారాల ఊరికొచ్చి ఖలాసీగా కుదిరారు. యంత్రాలకీ ఇనుప గడ్డర్లకీ గొలుసులు కట్టి పైకెత్తే పని ఖలాసీలది. పదిమందీ ఒకే ఊపున లాగాలి గనక ఒకడు పదం అందుకుంటే తక్కినవారు వంత పాడతారు. ఆ పదంలో మేస్త్రీ మీసాన్నీ, సూపర్‌వైజరు నడకనీ ఇరికించి పాడటం ఖలాసీలకు అలవాటు. బరువు పైకి లేచేది, పదం ఎవరి మీద కట్టారో వారికి అర్థమయ్యేది కాదు. సింహాచలం గారి ఆశుకవిత్వానికి అదే గురుకులం.

డెబ్బైల నడిమి సంవత్సరాల్లో ఆ పదాలే ఆదివారం సాయంత్రాలు సువర్ణరేఖ గట్టున సవాలు పాటలయ్యాయి. నలుగురు ఒకచోట చేరితే నాలుగు కళ్ళు అనుమానంగా చూసే కాలమది. క్వార్టర్ల కావలివాళ్ళు పొమ్మనేవారు, సంఘం పెద్దలు బూతుపాటలనేవారు. అందుకని పాడుబడ్డ ఇటుకబట్టీ వెనకాల, రోడ్డుకి కనబడకుండా, ఒక ఖాళీ నూనెడబ్బా చుట్టూ చేరేవాళ్ళం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. డబ్బా మీద దరువు మొదలవుతుంది. ఒకడు ఎదుటివాణ్ణి పాటలో తిట్టాలి, దరువు తప్పకుండా రెండోవాడు అక్కడికక్కడ కట్టి జవాబివ్వాలి. ఎవడి నోట మాట ఆగితే వాడు ఓడినట్టు. కులం ఎత్తకూడదు, రోగం ఎత్తకూడదు, తల్లినీ ఆలినీ చచ్చినవారినీ ఎత్తకూడదు. తక్కినదంతా సింహాచలం గారి సొత్తు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది, అది పెట్టింది ఆయనే. ఓడినవాడు గెలిచినవాణ్ణి సైకిలు మీద ఎక్కించుకుని ఇంటికి దించాలి. గెలిచినవాడు తన ఇంట్లో వాడికి అన్నం పెట్టాలి. “తిట్టినోడితో కలిసి ముద్ద తినలేకపోతే అది పాట కాదు బావు, కొట్లాట. కొట్లాటకి ప్రాస ఎందుకు?” అనేవారు. భుయ్యాడీహ్ నుంచి సోనారి దాకా ఎదురుగాలిలో తొక్కుకెళ్ళిన వీరులెందరో నాకు తెలుసు. సోనారి చేరేసరికి వాళ్ళ కోపమంతా పిక్కల్లోకి దిగిపోయేది.

మా భాష ఒక్క ముక్క రాని భోజ్‌పురీ వాళ్ళు కూడా వచ్చి చూసేవారు. తిట్టు తిన్నవాడి మొహం చూసి వాళ్ళు నవ్వేవారు. “ఇస్కా ముహ్ దేఖ్ కే హీ సమఝ్ మే ఆతా హై,” అని ఒక టీ కొట్టాయన అనేవాడు, వీడి మొహం చూస్తేనే అర్థమైపోతుందని. ఇంతకంటె గొప్ప ప్రశంస ఏ మహాకవికి దక్కిందో నాకు తెలియదు.

అయితే ఆయన పాటలో మమ్మల్నందరినీ గడగడలాడించింది ప్రాస కాదు. ఆయనకు మా ఇళ్ళలో సంగతులు తెలిసేవి. ఫిట్టర్ గణపతి కండలు తిరిగిన మనిషి, సమ్మెట పట్టాడంటే చూసి తీరాలి. అలాంటివాడి మీద ఒక ఆదివారం ఈ పదం పడింది:

సుత్తి నువ్వు పడితే ఇనుము వణికిపోద్దంట, గణపతీ,
బల్లి ఒకటి పడితే నువ్వు మంచమెక్కీవంట, ఏటి గతీ!

జనం ఇసకలో పడి దొర్లారు. గణపతి మొహం మాడిపోయింది. అతడికి బల్లి అంటే భయమని వర్క్‌షాపులో ఎవరికీ తెలియదు. అది నాలుగు గోడల మధ్య గుట్టు. ఎవరు చెప్పారు?

నా సంగతి చెబుతాను. నేను వెల్డరుని. ఎవరినీ నమ్మని స్వభావం నాకు పుట్టుకతో వచ్చింది, దాన్ని నేను తప్పుగా ఎంచను. టిఫిన్ కేరేజీ మూతకి లోపలివైపు సన్నటి దారం ఒకటి కట్టుకునేవాణ్ణి. ఎవరైనా మూత తీస్తే తెగిపోతుంది. ఆ దారం సంగతి నాకూ, నా కేరేజీకీ తప్ప వేరే ప్రాణికి తెలియదని నా ధీమా. ఆదివారం ఇటుకబట్టీ వెనక సింహాచలం గారు గొంతెత్తారు:

కేరేజీ మూతకి దారం కట్టీ అప్పారావూ,
దారం ముడి సూసుకోనిదే ముద్ద ముట్టవూ,
ఇంటి కాడ పులుసు ముందు పిల్లికెట్టీసీ
పిల్లి బతికితేనే గాని పీట వాల్సవూ!

పిల్లి సంగతి కూడా నిజమే. నేను ఆ వారమంతా నిద్రపోలేదు. పక్కింటివాణ్ణి అనుమానించాను, పాలవాణ్ణి అనుమానించాను, కొంతకాలం పిల్లిని కూడా వదల్లేదు. ఇంటికొచ్చి ఆ పదం పార్వతికి ఒప్పజెప్పి, “సూసినావా, ఎంతకి తెగించినాడో!” అని మండిపడ్డాను. ఆవిడ గోడవైపు తిరిగి చాలాసేపు దగ్గింది. భుజాలు అదురుతుంటే జలుబు చేసిందేమో అనుకుని మిరియాల కషాయం కాచి ఇచ్చాను.

నేను ఆయన మీద గెలిచింది ఒక్కసారే. ఆ రోజు కూడా నా జవాబులు అంతంతమాత్రమే.

గొలుసులేసి గడ్డరెత్తీ గొప్ప ఖలాసీ,
పొద్దున్నే నిన్నెత్తాలంటే క్రేను రావాలీ!

నా శక్తి ఇంతే. దాని మీద ఆయన విజృంభిస్తారని అందరూ ఎదురుచూశారు. డబ్బా మోగుతోంది. ఆయన నోరు తెరిచారు. నా కళ్ళలోకి చూశారు. దరువు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. ఆయన చేతులు జోడించి, “అయిపోనాది బావు. నా కాడ మాట నేదు,” అన్నారు. మనుషులు నన్ను భుజాల మీదకెత్తారు. నేను మాత్రం ఎత్తినవాళ్ళ మొహాలు వెతుకుతున్నాను, ఇందులో ఎవరి కుట్ర ఉందా అని. గోల్‌మురి దాకా ఆయన నన్ను వెనక కూర్చోబెట్టుకుని రొప్పుతూ తొక్కారు. మా ఇంట్లో పార్వతి ఆయనకు నాకంటె పెద్ద చేపముక్క వేసింది. “నిజం సెప్పన్నా, మాట నేకపోవడమేటి?” అని నిలదీశాను. “గెలిసినోడికి అనుమానమేటి బావు? ముల్లు సూసుకుని తిను,” అన్నారాయన.

ఆ తరవాత కొన్నాళ్ళకే ఉపద్రవం వచ్చింది. పని మందగించి కంట్రాక్టరు కొందరికి గేటు పాసులు ఆపేశాడు. వాళ్ళలో గణపతి ఒకడు. కూలీలు మాట్లాడుకున్న మాటలు కంట్రాక్టరుకి ఎవరో చేరవేశారని పుకారు పుట్టింది. గణపతి లెక్క తేలిగ్గా తేల్చేశాడు. మన ఇళ్ళలో మంచం కింద బల్లి సంగతి కూడా తెలిసినవాడెవడు? వాడే చెవి.

ఆ తరవాతి ఆదివారం గట్టు మీద పాట సాగలేదు, పంచాయతీ సాగింది. గణపతి ఆయన ఎదుట నిలబడి అడిగాడు.

“ఒక్క మాటే అడుగుతన్నాను. నా ఇంట్లో సంగతి నీకెవులు సెప్పినారు?”

“అది సెప్పను గణపతీ.”

“సెప్పనేవా, సెప్పవా?”

“సెప్పను. కంట్రాక్టరికి మాత్తరం నానేటీ సెప్పనేదు. నమ్మితే నమ్ము.”

“నా కడుపు కొట్టి నమ్మమంటావేటి? పేరు సెప్పు, నమ్ముతాను!”

ఆయన పేరు చెప్పలేదు. అందరూ నావైపు చూశారు, అనుమానాల్లో నేను పెద్దవాణ్ణి గనక. రుజువు లేదన్నాను. ఆయన చెవి అనడానికీ రుజువు లేదు, కాదనడానికీ లేదు. నా మాట ఎవరికీ రుచించలేదు. సింహాచలం గారు తన అలవాటు ప్రకారం పాటకి నిలబడ్డారు. డబ్బా వాయించేవాడు డబ్బాని బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఒక పాటగాడికి అంతకు మించిన శిక్ష లేదు. ఆయన సైకిలు స్టాండు తీసి, నడిపించుకుంటూ వెళ్ళిపోయారు. ఆపైన ఆయన నోట పాట నేను వినలేదు.

నేను మాత్రం ఆయన ఇంటికి వెళ్ళడం మానలేదు. స్నేహం ఒక కారణమైతే, నిజం లాగాలన్న కుతి మరొకటి. ఎన్ని విధాల అడిగినా టీ వచ్చేది, జవాబు వచ్చేది కాదు. ఇటుకబట్టీ వెనక పాట కొన్నాళ్ళు నడిచింది. ఆయన లేకపోయేసరికి తల్లీ ఆలీ పాటల్లోకి వచ్చారు, తలలు పగిలాయి, కట్టుబాట్లు పోయాయి. చివరికి ఎవరూ ఎవరినీ ఇంటికి దించలేదు. ఇప్పుడు ఆ వయసు పిల్లలకి టేపురికార్డర్లు ఉన్నాయి, హిందీ పాటలున్నాయి. తెలుగులో తిట్టడం వాళ్ళకి చేతకాదు.

గురువారం నాటికి తిరిగి వస్తాను. ఆయన భౌతికకాయాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కాసేపటికి నేను గమనించిందేమంటే, వచ్చేవాళ్ళలో మగవాళ్ళు కొద్దిమందే. ఆడవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. సోనారి నుంచి ఆటోల్లో, గోల్‌మురి నుంచి నడిచి, ఒకప్పుడు సవాలు పాటల్లో నిలబడిన ప్రతివాడి ఇంటి ఇల్లాలూ వచ్చింది. గణపతి భార్య సూరమ్మ ఆయన పాదాలు పట్టుకుని, సొంత అన్న పోయినట్టు ఏడుస్తోంది. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ చూపులు నాకు బాగా తెలుసు. నేను అద్దంలో రోజూ చూసేవే.

గణపతి ఇక ఆగలేకపోయాడు.

“ఏటే, ఆడికీ నీకూ ఏటి? నలుగుర్లో నా పరువు తీత్తన్నావు!”

సూరమ్మ కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

“నీ బల్లి సంగతి సెప్పింది నానే,” అంది. “ఇప్పుడు కొడతావేటి? కొట్టు. అందరూ సూత్తన్నారు.”

సూరమ్మ తక్కిన ఆడవాళ్ళవైపు చెయ్యి చూపించి మాట్లాడింది.

“పాట పడీ ముందర ఆయన కుళాయి కాడికి వచ్చీవోరు. సైకిలు దిగకండా, ఒక కాలు నేల మీద ఆనించి, మా అందరి ముందరా అడిగీవోరు. ‘అమ్మా, ఆదివారం మీవోణ్ణి తిట్టాల. ఏటంటే మీకు నవ్వొస్తాది, ఏటంటే మీ ఇల్లు ఏడుస్తాది? నవ్వొచ్చీదే సెప్పండి, ఏడిపించీది వద్దనండి’ అనీవోరు. ఇక్కడున్న ఆడోళ్ళందరం సెప్పినాం. అడుగు, కాదనమను!”

ఎవరూ కాదనలేదు. మగవాడన్నవాడు నీళ్ళ కుళాయి దగ్గరికి రాడు గనక, ఊరంతటికీ తెలిసిన సంగతి మాకు తెలియలేదు. అప్పుడు ఆయన భార్య నరసమ్మ గారు ఇదంతా ఎలా మొదలైందో చెప్పారు. చాలా ఏళ్ళ కిందట ఆయన ఒకణ్ణి రెండు పొట్టలవాడని పాడారట, టీ కొట్లో రోజూ తన వాటా తిని ఇంకో వాటా పొట్లం కట్టించుకుంటాడని. ఆ పొట్లం మంచాన పడ్డ భార్య కోసం. ఆ మనిషి మళ్ళీ గట్టుకి రాలేదు. సింహాచలం గారు వెళ్ళి ఆవిడ కాళ్ళకు దండం పెట్టి వచ్చారట. అప్పటినుంచీ ఇంటివాళ్ళని అడగనిదే పదం కట్టలేదు.

“మరి ఆ రోజు నాను నిలదీత్తే ఒక్క మాట సెప్పలేకపోనాడేటి?” అన్నాడు గణపతి.

“నాను సెప్పీస్తానన్నాను,” అంది సూరమ్మ. “ఆయనే వద్దన్నారు. ‘నా పాట పోతే పోనీ అమ్మా. పాటలో తగువు ఆదివారంతో పోద్ది. ఇంట్లో తగువు పోదు. నీ మొగుడు ఇప్పుడు పని పోయి ఉన్నాడు, నీ మీద సెయ్యెత్తుతాడు’ అన్నారు. ఎత్తీవోడివి కాదేటి?”

పాడె ఎత్తే వేళకు గణపతి ముందు భాగాన భుజం పెట్టడానికి వెళ్ళాడు. నరసమ్మ గారు ఒక్క క్షణం చూసి, తలూపారు. సువర్ణరేఖ ఒడ్డున చితి ఆరేదాకా అతడు అక్కణ్ణుంచి కదలలేదు. కంట్రాక్టరుకి నిజంగా మాటలు మోసిన నోరెవరిదో నేటికీ తేలలేదు. నా అనుమానం నాకుంది. రుజువు లేనిదే కాగితం మీద పెట్టను.

ఇది రాస్తున్నది అందుకే. ఒక సత్పురుషుడు తన ప్రాణప్రదమైన విద్యను, నిష్కళంకమైన పేరును, పరాయి ఇళ్ళ ప్రశాంతత కోసం నోరు మెదపకుండా వదులుకున్నాడు. ఆయన ఎవరి చెవీ కాదు. ఆ మాట అన్నవారు, విన్నవారు, నాలాగ మధ్యన ఊగినవారు ఇది చదివి తమ ఇళ్ళలో ఒకసారి పైకి చెప్పుకోవాలని నా ప్రార్థన.

ఆ సాయంత్రం స్నానాలయ్యాక నేనూ పార్వతీ వసారాలో కూర్చున్నాం. అడగకుండా ఉండలేకపోయాను.

“నీ కాడికీ వచ్చినాడా?”

“వచ్చినారు.”

“దారం సంగతి నువ్వేనా?”

“నానే. పిల్లి సంగతి కూడా. మీరు కాసిన కసాయం తాగలేక సచ్చినాను.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాసేపటికి ఇంకో సంగతి తట్టింది.

“మరి నాను గెలిసిన రోజు? ఆయన నోరు తెరిసి మూసీసినాడు. నువ్వేటైనా వద్దన్నావేటి?”

“ఒక సంగతి సెప్పినాను. సెప్పినాక, ‘అది మాత్తరం అనొద్దన్నా’ అన్నాను. పదం నోటిదాకా వచ్చీసుంటాది. మింగీసినారు.”

“ఏటది?”

“మీకెందుకు?”

“నా గురించే కదా! నాకు సెప్పకపోతే ఎలగ?”

“ఒక్కరికే సెప్పినాను. ఆయన పట్టుకెళ్ళిపోనారు,” అని ఆవిడ లేచి లోపలికి వెళ్ళి దీపం పెట్టింది.

నాలుగు రోజులుగా అడుగుతున్నాను, చెప్పడం లేదు. ఇన్నాళ్ళూ నన్ను మోసం చేస్తారేమోనని లోకాన్నంతా కాపలా కాశాను. నాలో ఇల్లు ఏడ్చేటంత సంగతి ఏదో ఉందని నాకు తెలియదు. అది తెలిసిన మనిషి నాతో ఏళ్ళ తరబడి టీ తాగాడు, ఒక్కనాడు కూడా నన్ను వేరేగా చూడలేదు. అన్నా, నీకు శతకోటి నమస్కారాలు. ఇంకెవరి మీదా నాకు ఇంత నమ్మకం కుదరదు.